మన పిల్లలు – చట్ట పరిశోధనాభ్యాసము

(హోసూరు శాఖ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము. ముద్రణకై అచ్చటచ్చట కొంత కుదించితిమి.)



ఈ దినము సంఘపు జమాఖర్చులను గూర్చి చెప్పుటకు మమ్ములను నియమించినారు. లెక్కలు అచ్చువేయించి మీ చేతుల కిచ్చితిమి. వానిలో పొరపాటు కనబడినచో సాయంకాలము కొట్టునకు వచ్చి అడుగవచ్చును. పుస్తకములు తెరచియే యుండును. మిగిలిన సమయమున వేరొక విషయము మనవి చేయుటకు అధ్యక్షులవారు అనుమతించిరి.

కొన్ని నెలలుగా మన కుటుంబములవారు మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "హైస్కూలు పిల్లలకు ఆన్‌లైనులో లీగల్ రీసెర్చి ఇంటర్న్‌షిప్పులట. మా అమ్మాయిని చేర్పింపవచ్చునా? డబ్బు కట్టవచ్చునా?" అని. ఇంటర్న్‌షిప్పు అనగా వృత్తిలో ఉన్నవారి చెంత కొన్నాళ్లు పనిచేసి పని నేర్చుకొనుట. మన పూర్వులు దుకాణమున పిల్లవానిని కూర్చుండబెట్టి తూకము నేర్పుట వంటిదే. అయితే ఇచ్చట దుకాణము కనబడదు, తూకము కనబడదు, ఎదుట నేర్పువాడును కనబడడు. అందువలననే ఇంత సంశయము.

మేము న్యాయవాదులము కాము. పదవ తరగతి ముగించి, తండ్రిగారి పప్పుదినుసుల కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్నవారము. కోర్టు మెట్లెక్కినది రెండు పర్యాయములు. రెండును అద్దె తగవులే. కనుక మేము చెప్పబోవునది పాండిత్యము కాదు. మా యింట జరిగినదియు, ఆ తరువాత మన సంఘమున జరిగినదియు చెప్పెదము.

మా తమ్ముని కుమార్తె ప్లస్ వన్ చదువుచున్నది. న్యాయశాస్త్రము చదువవలెనని దాని కోరిక. గత వేసవిలో సెల్‌ఫోనులో ఒక ప్రకటన చూచెను. నాలుగు వారముల పని, ఇంటనుండియే చేయవచ్చును, "లీగల్ రీసెర్చి ఇంటర్న్" అను హోదా, చివర సర్టిఫికెట్టు. సిఫారసు లేఖ కావలెనన్న దానికి వేరుగ రుసుము. అంతయు కలిపి మూడువేల ఐదువందల రూపాయలు. మా తమ్ముడు మమ్ము అడిగెను. "చదువునకే గదా, కట్టుము" అని మేమే చెప్పితిమి. తప్పు మాది కూడ.

మొదటి వారము రెండు వీడియో పాఠములు వచ్చినవి. అవి ఎప్పుడో పట్టియుంచినవి. మధ్యలో సందేహ మడుగుటకు వీలు లేదు. ఆ తరువాత వారమునకు రెండు వ్యాసముల చొప్పున వ్రాయుమనిరి. ట్రేడ్‌మార్కుల మీద ఒకటి, సైబరు నేరముల మీద ఒకటి, ఇట్లు. వ్రాసి పంపినచో దిద్దువారు లేరు. కొన్నాళ్లకు ఆ వ్యాసములే వేరొకరి పేరుతో ఆ సంస్థవారి పుటలలో కనబడెను. మూడవ వారమున, ఐదుగురు స్నేహితులను చేర్చినచో నీ రుసుములో కొంత తిరిగి యిత్తుమనిరి. నాలుగవ వారమున బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్టు వచ్చెను. అమ్మాయి పేరులో ఒక అక్షరము తప్పు. ఏమి నేర్చితివమ్మా అని మేమడుగగా, "ఒకచోట నున్నది తీసి మరియొకచోట అతికించుట నేర్చుకొంటిని, పెద్దనాయనా" అనెను. ఆ పిల్ల నవ్వుచు చెప్పెను గాని మాకు నవ్వు రాలేదు.

ఆ సంస్థ పేరు ఇచ్చట చెప్పము. అన్ని సంస్థలు అట్టివేయని అనుటయు న్యాయము కాదు. కాని ఆ సర్టిఫికెట్టునకు విలువ ఎంత యని విచారించితిమి. సరకు కొనిన తరువాత ధర విచారించుట వర్తకునకు సిగ్గుచేటు; అయినను విచారించితిమి.

లా కాలేజీలో చేరిన విద్యార్థికి ఇంటర్న్‌షిప్పు విధి. బారు కౌన్సిల్ ఆఫ్ ఇండియావారి 2008 నాటి న్యాయవిద్యా నియమములలో, ఐదేండ్ల కోర్సువారు మొత్తము మీద 20 వారములు, మూడేండ్ల కోర్సువారు 12 వారములు తక్కువ కాకుండ చేయవలెనని యున్నది. ఇది లా విద్యార్థులకు మాత్రమే. హైస్కూలు పిల్లలకు అట్టి విధి ఎచ్చటను లేదు. పాఠశాలలో నుండగా చేసినది తరువాతి లెక్కలో కలియదు. ఇక ప్రవేశము సంగతి. బెంగుళూరు, హైదరాబాదు, విశాఖపట్నము, తిరుచిరాపల్లి, కటకము మున్నగు చోట్లనున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో బి.ఏ. ఎల్‌ఎల్.బి. సీటు క్లాట్ అను పరీక్షలోని ర్యాంకును బట్టి ఇచ్చుచున్నారు. రెండు గంటల కాలము, 120 ప్రశ్నలు. ఇంగ్లీషు, వర్తమాన విషయములు, చట్టసంబంధమైన తర్కము, సామాన్య తర్కము, కొంత గణితము. సర్టిఫికెట్టు చూపినచో ఒక్క మార్కైనను కలుపరు. విదేశముల కాలేజీలకు దరఖాస్తు చేయువారు ఇట్టివి పేర్కొనుట కలదని విన్నాము. అచ్చటను, ఏమి చేసితివని అడిగినచో చూపుటకు పని ఉండవలెను గదా.

ఇంకొకటి. మన వర్తకులలో పెద్దలకు ఇది తెలిసియుండును గాని పిల్లలకు తెలియదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనరు కాంట్రాక్టు చేయుటకు అర్హుడు కాడు. 1903లో ప్రివీ కౌన్సిలువారు మొహరీ బీబీ కేసున దీనిని స్థిరపరచిరి. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అను మైనరు 20,000 రూపాయలకు ఇల్లు తాకట్టు పెట్టి వ్రాసియిచ్చిన పత్రము చెల్లదని తీర్పు. అప్పు ఇచ్చినవాడు మన వంటి వడ్డీ వ్యాపారియే! కనుక పదునారేండ్ల పిల్ల సెల్‌ఫోనులో "సమ్మతించుచున్నాను" అను చోట వ్రేలు నొక్కినంత మాత్రమున, నాలుగు వారములు పని చేయకున్న జరిమానా కట్టవలెనని ఎవరైనను బెదిరించినచో భయపడ నక్కరలేదు. అయితే పిల్ల ఇచ్చిన ఫోను నంబరు, ఫొటో, ఆధారు ప్రతి వెనుకకు వచ్చునవి కావు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి నందరను బాలురుగానే ఎంచి, వారి వివరములు వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, దశలవారీగా అమలు. అంతవరకు మన జాగ్రత్తయే మనకు రక్ష.

ఇంతవరకు చెప్పినది విని, "సరే, వద్దనుచున్నారు" అని మీరనుకొందురు. వద్దనుట లేదు. ఆ సర్టిఫికెట్టు పుచ్చుకొనిన పిల్లయే మాకు వేరు దారి చూపెను. ఆ కథ చెప్పుటకే నిలబడితిమి.

మన పట్టణపు ప్రాథమిక పాఠశాల యొక దానిలో తెలుగు ఉపాధ్యాయులు పదవీ విరమణ చేసిన తరువాత ఆ స్థానము ఖాళీగానే యున్నదని మీ కందరకు తెలుసును. తెలుగు సెక్షను మూతపడునను భయముతో కార్యవర్గము ఒక అర్జీ సిద్ధము చేసెను. "భారత రాజ్యాంగము 350ఎ అధికరణము ప్రకారము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రభుత్వము మాతృభాషలో బోధన ఏర్పరచియే తీరవలెను" అని దాని మొదటి వాక్యము. ఈ మాట మేము ఎన్ని సభలలో అంటిమో లెక్కలేదు. మా ముందువారును అనిరి. అర్జీని నీటుగా టైపు చేయుమని అమ్మాయికి ఇచ్చితిమి. అది టైపు చేయక, రెండు దినముల తరువాత వచ్చి, "పెద్దనాయనా, అధికరణములో అట్లు లేదే" అనెను.

లేకపోవు టెట్లు? తెచ్చి చూపెను. భారత ప్రభుత్వము వారి ఇండియా కోడ్ అను చోట చట్టములన్నియు ఉచితముగా దొరకును. రాజ్యాంగ ప్రతియు ప్రభుత్వము వారి చోట్లనే దొరకును. అందున్న మాట ఇది: ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెను, రాష్ట్రపతి అవసరమని తలచినచో రాష్ట్రములకు ఆదేశములీయవచ్చును. "ప్రయత్నింపవలెను" అనుటకును "తీరవలెను" అనుటకును ఎంత దూరము! ఇరువదేండ్లుగా మేము ఆ దూరము చూడలేదు. రేపు ఇత్తునని చెప్పిన బాకీదారుని మాటకును ప్రోనోటునకును గల భేదము తెలిసిన వర్తకులము, రాజ్యాంగము దగ్గర మాత్రము మాటను ప్రోనోటుగా భావించితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు మన సంఘమున న్యాయవాదిగానున్న సోదరిని కలసి, ఈ పిల్లలచేత అర్జీ అంతయు పరీక్షింపజేయుదమా యని అడిగితిమి. ఆమె వెంటనే ఒప్పుకొనిరి. అట్లు మొదలైనది మన "ఇంటర్న్‌షిప్పు". పేరు పెట్టినది పిల్లలే. రుసుము లేదు, సర్టిఫికెట్టు లేదు. పిల్లలు ఐదుగురు. ఇద్దరు ఇచ్చటివారు, ఒకడు కృష్ణగిరి, ఒకతె బెంగుళూరు, ఒకడు బళ్లారి. అందువలన ఆన్‌లైను తప్పలేదు. మన కుటుంబములు మూడు రాష్ట్రములలో చెదరియున్నవి. ఒక బల్ల చుట్టు కూర్చుండబెట్టుట ఎట్లు? ప్రతి శనివారము రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకు ఆ సోదరి వీడియోలో పాఠము చెప్పిరి. తక్కిన దినములలో పిల్లలు రోజునకు అరగంట. పరీక్షల నెలలో పని ఆపివేసితిమి.

ఆమె నేర్పిన విధము మాకు మిక్కిలి నచ్చినది. మొదటి నెల చట్టము తప్ప వేరేమియు చదువవలదనిరి. వ్యాఖ్యానములు, పత్రికా వార్తలు, యూట్యూబు ప్రసంగములు అన్నియు నిషేధము. ఒక వాక్యము తీసుకొని, ఎవరు, ఎవరికి, ఎప్పుడు, "చేయవలెను" అని యున్నదా, "చేయవచ్చును" అని యున్నదా యని విడదీయుట. రెండవ నెల తీర్పులు. సుప్రీంకోర్టువారు 2023 జనవరిలో ఇ-ఎస్.సి.ఆర్. అను పేర తమ రిపోర్టులను ప్రజలకు ఉచితముగా తెరచిరి. ఇండియన్ కానూన్ అను చోట 2008 నుండియే సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులు వెదకవచ్చును. పూర్వము ఈ గ్రంథములు ప్లీడర్ల అద్దాల బీరువాలలో నుండెడివి. చూడవలెనన్న ఫీజు ఇచ్చుకొని వాకిట కూర్చుండవలెను. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులో కూడ వచ్చినవి. అవి యంత్రము చేసిన అనువాదములకు మనుష్యులు మెరుగులు దిద్దినవి; అర్థము తెలియుటకు పనికివచ్చును గాని ప్రమాణము ఇంగ్లీషు ప్రతియే.

తీర్పు చదువుటలో పెద్ద చిక్కు ఒకటి యున్నదట. అందు వాది వకీలు చెప్పినది, ప్రతివాది వకీలు చెప్పినది, క్రింది కోర్టు చెప్పినది అన్నియు వరుసగా వచ్చును. తెలియనివాడు వకీలు వాదమునే కోర్టు మాటయని ఎత్తి వ్రాయును. మా అర్జీలో అట్టిది ఒకటి దొరికెను. ఎవరో పెద్దలు ఏనాడో వ్రాసిపెట్టిన వాక్యము. దానిని సుప్రీంకోర్టు వాక్యమని పదేండ్లుగా వాడుచుంటిమి. కృష్ణగిరి పిల్లవాడు మూలము వెదకి తీసెను. అది ఓడిపోయిన పక్షపు వాదము! సభలో నవ్వుచున్నారు గాని, ఆ అర్జీ క్రింద మీ సంతకములు కూడ నున్నవి.

ఇక అసలైన తీర్పు. 2014 మే 6వ తేదీన సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక కేసున ఇచ్చినది. ఒకటి మొదలు నాలుగు తరగతుల వరకు మాతృభాషలోనో కన్నడములోనో బోధింపవలెనని కర్ణాటక ప్రభుత్వము 1994లో చేసిన ఉత్తర్వు మీద ప్రైవేటు పాఠశాలలవారు తెచ్చిన తగవు అది. కోర్టువారు ఏమనిరి? పిల్లవాని మాతృభాష ఏదో నిర్ణయించువారు తల్లిదండ్రులు. ఏ భాషలో చదువవలెనో ఎంచుకొను స్వేచ్ఛ పిల్లవానిది, అతని తరపున తల్లిదండ్రులది. 350ఎ పేరు చెప్పి మాతృభాషలోనే చదువుమని అల్పసంఖ్యాకులను నిర్బంధించు అధికారము రాష్ట్రమునకు లేదు. బెంగుళూరు అమ్మాయి దీనిని సంగ్రహించి వ్రాసి, క్రింద ఒక ప్రశ్న చేర్చెను. "నిర్ణయము తల్లిదండ్రులదే యైనచో, మన సెక్షను మూతపడుటకు కారకులెవరు?" ఆ ప్రశ్నను న్యాయవాది సోదరి కొట్టివేయలేదు. కార్యవర్గమునకు పంపిరి.

సమాధానము మా యొద్ద లేకపోయినది. ఇంతలో బళ్లారి పిల్లవాడు వేరొక దారిని పోవుచుండెను. "తరగతికి పదిమంది, లేక పాఠశాలకు నలుబది మంది ఉన్నచో ఉపాధ్యాయుని ఈయవలెను" అని మనము ఎప్పుడును చెప్పు లెక్క ఎచ్చటిది? ఏ చట్టమందును వానికి దొరకలేదు. చివరకు భాషాల్పసంఖ్యాకుల కమిషనరుగారి పాత నివేదికలలో దొరికెను. 1956 నాటి ఏడవ సవరణతో 350ఎ, 350బి అధికరణములు రెండును చేరినవి. ఆ 350బి ప్రకారము 1957లో ఏర్పడిన కార్యాలయము అది. ఈ లెక్క 1949 ఆగస్టున రాష్ట్రముల విద్యామంత్రుల సభలో చేసిన తీర్మానము. అనగా మన రాజ్యాంగముకంటె ముందటిది! తరువాతి నివేదికలన్నియు దానినే చెప్పుచు వచ్చినవి. అది చట్టము కాదు, ప్రభుత్వములు ఒప్పుకొనిన వాగ్దానము. వాగ్దానమును వాగ్దానముగానే చూపి అడుగుడు, అప్పుడు దానికి బలముండును. చట్టమని చెప్పి పట్టుబడినచో ఉన్న బలము కూడ పోవునని సోదరి హెచ్చరించిరి.

అయితే ఆ లెక్క ప్రకారము మన పిల్లలెందరు? మేము సభలలో వందకు పైగా అనుచుంటిమి. పిల్లలు దీనిని గూడ ఒప్పుకొనలేదు. మూలమేది యని అడిగిరి. మూలము లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద మన కార్యదర్శిగారి సంతకముతో దరఖాస్తు పంపితిమి. దానికి ముప్పది దినములలో సమాధాన మీయవలెనని చట్టము. సమాధానము వచ్చెను. తెలుగు సెక్షనున పాఠశాల మొత్తమున నలుబది ముగ్గురు. మరి నలుగురు వెడలిపోయినచో మన చేతిలోని 1949 నాటి వాగ్దానమునకు కూడ తావు లేదు.

కార్యవర్గ సమావేశమున ఈ అంకె చదివినప్పుడు కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పదునొకండుగురు సభ్యులము కూర్చుంటిమి. మా పిల్లలు, మనుమలు ఎచ్చట చదువుచున్నారో ఒకరి నొకరు అడుగవలసిన పని లేదు. మా చిన్నవాడు మూడవ తరగతి. ఇంగ్లీషు మీడియమున చదువుచున్నాడు. తెలుగు వానికి పాఠ్యవిషయముగా నైనను లేదు. అర్జీ క్రింద మొదటి సంతకము మాది.

రెండు విషయములు త్వరగా చెప్పి ముగించెదము. ఒకటి, యంత్రముల సంగతి. ఈ కాలమున ప్రశ్న అడిగినచో వ్యాసమే వ్రాసియిచ్చు కృత్రిమ మేధ యంత్రములు పిల్లల చేతులలో నున్నవి. మన ఐదుగురిలో ఒకరు తొందరపడి అట్టిదానిని అడిగి, తెలుగు పాఠశాలల మీద చక్కని తీర్పు నొకటి తెచ్చిరి. కేసు పేరు, సంవత్సరము, పుట సంఖ్య అన్నియు ఉన్నవి. ఎచ్చట వెదకినను ఆ తీర్పు లేదు, యంత్రము కల్పించినది. పిల్లలదే తప్పనుటకు లేదు. 2023లో న్యూయార్కు నగరమున అనుభవజ్ఞులైన న్యాయవాదులే ఛాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను అవియాంకా విమాన కంపెనీ మీది కేసున కోర్టునకు సమర్పించి, 5,000 డాలర్ల జరిమానా పడిరి. అప్పటినుండి మన పిల్లలకు ఒక కట్టుబాటు: తమ కన్నులతో తెరచి చదువని తీర్పు పేరు కాగితము మీద పెట్టరాదు. సుప్రీంకోర్టు 2023 నుండి ప్రతి తీర్పునకును తనదైన సంఖ్య నిచ్చుచున్నది గనుక సరిచూచుట సులభమైనది.

రెండవది, హద్దు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ప్రకారము వకాల్తు పని అడ్వకేటుగా నమోదైనవారిది. మన పిల్లలు వెదకుదురు, చదువుదురు, వ్రాసియిత్తురు. ఎవరికిని సలహా చెప్పరు. ఈ మాట ఎందుకన, సంగతి తెలిసి మన సభ్యులొకరు తమ భాగపరిష్కారపు దస్తావేజులు తెచ్చి, "చూచి చెప్పమ్మా" అని మా తమ్ముని కూతురిని అడిగిరి. పిల్ల మర్యాదగా త్రిప్పిపంపెను. పెద్దలు దయచేసి అట్లు చేయవలదు. ఇంటి పత్రములను ఫొటోతీసి పిల్లల ఫోనులకు పంపుటయు మానవలెను.

ఇతర శాఖలవారు మమ్ము అడుగుచున్నారు గనుక ఒక మాట. షోలాపురమున, బరంపురమున, యానామున ఒకే ప్రశ్న ఒకే విధముగా నుండదు. 2002లో టి.ఎమ్.ఏ. పై ఫౌండేషను కేసున పదునొకండుగురు న్యాయమూర్తులు, అల్పసంఖ్యాకు లెవరో రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెననిరి. కుప్పమున మనము అధికసంఖ్యాకులము. అచ్చటికి దగ్గరనే యున్న ఇచ్చట అల్పసంఖ్యాకులము. యానామువారు తమ యూరిలో ఎందరున్నను పుదుచ్చేరి లెక్కలో కొలతకు రావలసినవారు. వారి కేసులు మద్రాసు హైకోర్టునకు పోవును. తమిళనాట మనకు 2006 నాటి తమిళ బోధన చట్టము కలదు. దాని ప్రకారము పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మన వంటివారి పిల్లలకు పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపు నిచ్చినదని పత్రికలలో చదివి సంతోషించితిమి. పిల్లలు ఉత్తర్వు చదివి, అది ఆ ఒక్క సంవత్సరమునకే అని చెప్పిరి. కనుక ఏ శాఖ పిల్లలు ఆ రాష్ట్రపు చట్టమునే చదువవలెను. మా కాగితములు కోరినచో పంపెదము గాని వానిని నకలు చేసికొని అర్జీ పెట్టవలదు.

ఒకటి మాత్రము అందరకు సమానము. 30వ అధికరణమున "ప్రయత్నింపవలెను" అను మాట లేదు. మతముచే గాని భాషచే గాని అల్పసంఖ్యాకులైన వారందరకు తమకు ఇష్టమైన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు కలదని సూటిగా నున్నది. ప్రభుత్వమును అడుగుటకు వాడిన కాగితములో పదవవంతు కూడ ఈ హక్కును వినియోగించుటకు మనము వాడలేదు. దీనిని గూర్చి కార్యవర్గము వేరుగ ఆలోచించుచున్నది. భవన నిధిలో ఎంత యున్నదో మీ చేతిలోని లెక్కలలో నాలుగవ పుటలో కలదు. అది చూచిన తరువాత మాటలాడుదము.

అర్జీ తిరుగవ్రాసి పంపితిమి. పాతది ఏడు పుటలు, క్రొత్తది రెండున్నర. తీరవలెనను మాట తీసివేసితిమి. నలుబది ముగ్గురని నిజము వ్రాసితిమి. 1949 నాటి వాగ్దానమును వాగ్దానమని, 350ఎ లోని మాటను ఉన్నదున్నట్లు వ్రాసితిమి. 350వ అధికరణము ప్రకారము ఏ అధికారికైనను రాష్ట్రమున వాడుకలోనున్న భాషలో విన్నపము చేసికొను హక్కు కలదు గనుక తెలుగు ప్రతియు జతపరచితిమి. ఉపాధ్యాయ నియామకమును గూర్చిన ఉత్తర్వు ఈ దినము వరకు రాలేదు.

రెండవ తడవ పిల్లలను తీసికొనుట జూన్ మాసమున. తొమ్మిదవ తరగతి మొదలు ప్లస్ టూ వరకు చదువువారు రావచ్చును. తల్లిగాని తండ్రిగాని సంతకము చేసిన ఉత్తరము తేవలెను. ఆధారు ప్రతి అక్కరలేదు. ఫోను లేని పిల్లలకు సంఘ గ్రంథాలయమున కంప్యూటరు నొకటి సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వరకు ఉంచెదము. సోదరికి శనివారము గంటకన్న ఎక్కువ తీరిక లేదు గనుక ఎనిమిది మందికి మించి చేర్చుకొనలేము.

మా చిన్నవానిని తెలుగు సెక్షనునకు మార్చుటకు దరఖాస్తు పత్రము తెచ్చితిమి. ఇంటిలో ఇంకను ఒప్పుదల కుదరలేదు. పత్రము కొట్టులో గల్లాపెట్టె క్రింద నున్నది.